పాత కాగితానికి ఫోటో: చట్టం ఎంతదాకా, గడప ఎంతదాకా

రాయచూరు జిల్లా కల్లూరు చరిత్ర రాయాలని ఎవరైనా కూర్చుంటే మొదట తెలిసివచ్చేది, ఆ ఊరి కాగితాలు ఆ ఊళ్లో లేవన్న సంగతి. 1956 నవంబరు 1 దాకా ఈ ప్రాంతం హైదరాబాదు రాష్ట్రంలో భాగం. నిజాం కాలపు ప్రభుత్వ దస్త్రాలు హైదరాబాదు తార్నాకలోని ఆర్కైవ్స్‌లో, ఎక్కువగా ఉర్దూలోనూ ఫారసీలోనూ ఉన్నాయి. 1853లో రాయచూరు అంతర్వేదిని నిజాం కంపెనీకి అప్పగించాడు, 1860లో తిరిగి వచ్చింది. ఆ ఏడేళ్ల ఇంగ్లీషు ఉత్తరప్రత్యుత్తరాల కోసం ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్‌లోని హైదరాబాదు రెసిడెన్సీ రికార్డులు, లండన్‌లోని ఇండియా ఆఫీసు రికార్డులు తిరగెయ్యాలి. 1956 తర్వాతివాటికి బెంగళూరు. పైగా పాత కాగితాల్లో రాయచూరు జిల్లా అంటే ఇప్పటి జిల్లా కాదు, గద్వాల, ఆలంపురం అందులోనే ఉండేవి. కాబట్టి ఒక కన్నడ జిల్లా ఊరి కోసం బయల్దేరినవాడు తెలంగాణ సంస్థానాల కాగితాల్లో తేలడం మామూలే.

ఊరి చరిత్రలు రాసేది చాలావరకు రిటైరైన టీచర్లు, చిన్న కాలేజీల లెక్చరర్లు, చదువుకున్న రైతులు. నెలల తరబడి హైదరాబాదులో గది తీసుకుని ఉండటం వాళ్ల వల్ల కాదు. వెళ్లిన రోజున కావలసిన పుటలన్నీ సెల్‌ఫోనులో తీసుకుని, ఇంటికొచ్చి నిదానంగా చదువుకోవడమే దారి. చిక్కు అక్కడే. కౌంటరు దగ్గర “ఫోటోలు కుదరదండీ, కాపీరైటు” అంటారు. ఆ మాటలో సగం నిజం ఉండొచ్చు, రెండో సగం మాత్రం చాలాసార్లు తప్పు. ఫోటోలు కూడదన్న రూలు ఆ సంస్థకు ఉండొచ్చు, దాన్ని పాటించాల్సిందే. అయితే అది కాపీరైటు చట్టం పెట్టిన రూలు కాదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్ల అడిగేవాడు అనవసరంగా వెనక్కి తగ్గుతున్నాడు, కాదనేవాడికి కారణం చెప్పే పని తప్పుతోంది.

సంస్థ రూళ్లకు మంచి కారణాలే ఉంటాయి. ఫ్లాష్ వెలుగు పదేపదే పడితే సిరా వెలిసిపోతుందని భయం, బైండు విరిగేలా పుస్తకాన్ని నొక్కుతారని భయం, పక్కవాళ్ల చదువు చెడుతుందని ఇబ్బంది. జెరాక్స్ మీద వచ్చే నాలుగు డబ్బులు పోతాయన్నదీ ఒక కారణమే, పైకి చెప్పరు. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ కూడా పాఠకుల సొంత కెమెరాలను చాలాకాలం రానివ్వలేదు. 2015లో దారి తెరిచింది: సొంత చదువుకు తీసుకోవచ్చు, ఫ్లాష్ వద్దు, కొన్ని రకాల సామగ్రి వద్దు, హక్కుల బాధ్యత పాఠకుడిదే. ఆ పద్ధతి నాకు సబబుగా తోస్తుంది. గ్రంథాలయం కాగితాన్ని కాపాడుకుంటుంది, చట్టం సంగతి చదివేవాడు చూసుకుంటాడు.

నకలు తీసుకోవడం తెలుగు విద్యకు కొత్తేమీ కాదు. సి.పి. బ్రౌన్ జీతాలిచ్చి పండితులనూ లేఖకులనూ కూర్చోబెట్టి తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాయించాడు, ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి సరిపోల్చాడు. ఆయన పోగుచేసినవి తర్వాత మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. ఆ ప్రతులు రాయించుకుని ఉండకపోతే మనకు అందని పాఠాలెన్నో. అప్పుడు అడ్డు చెప్పే చట్టం లేదు, ఇప్పుడుంది. అయినా ఆ చట్టం మనం భయపడుతున్నంత కఠినంగా లేదు.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది, 1958 జనవరి 21న అమల్లోకి వచ్చింది. అందులో 52వ సెక్షను మినహాయింపుల పుట్ట. మొదటి మినహాయింపే మన పనికి కావలసింది: పరిశోధనతో సహా సొంత వాడకం కోసం ఒక రచనను న్యాయమైన తీరులో వాడుకుంటే అది ఉల్లంఘన కాదు. 2012 సవరణలో దీనికి ఒక వివరణ చేర్చారు, ఆ పనుల కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవడమూ తప్పు కాదని. అంటే మీ సెల్‌ఫోనులో, లాప్‌టాప్‌లో ఆ ఫోటోలు ఉండటంతోనే నేరం జరిగిపోదు.

ఎంత తీయొచ్చు? పది శాతం అని ఒక లెక్క లైబ్రరీల్లో వినిపిస్తూ ఉంటుంది. అది వేరే దేశాల నిబంధనల నుంచి వచ్చింది, మన చట్టంలో శాతాల ఊసే లేదు. 1996లో కేరళ హైకోర్టు సివిక్ చంద్రన్ కేసులో మూడు సంగతులు చూడమంది: ఎంత భాగం తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, అసలు రచన అమ్మకానికి అది పోటీ అవుతుందా. ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలోని రామేశ్వరి జెరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు 2012లో వేసిన కేసు ఇంకా ప్రసిద్ధం. 2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు దావాను కొట్టేసింది. అదే ఏడు డిసెంబరు 9న డివిజన్ బెంచి కూడా, చదువు చెప్పడానికి అవసరమైనంత మేరకు ప్రతులు తీయొచ్చని, దానికి అంకెల హద్దు లేదని చెప్పింది. ఈ తీర్పు తరగతి బోధనకు సంబంధించిన మినహాయింపు మీద వచ్చింది, ఒంటరి పరిశోధకుడి మీద కాదు. దాన్ని పట్టుకుని అన్నిటికీ వాదించేవాళ్లు ఈ తేడా మరిచిపోతున్నారు. నా మటుకు నేను చూసేది మూడో ప్రశ్నే. బజార్లో దొరికే పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా ఫోటో తీస్తే అది కొనకుండా తప్పించుకోవడమే. ఎనభై ఏళ్లనాటి పత్రికలో ఒక వ్యాసం తీసుకుంటే ఎవరి అమ్మకమూ పోదు.

కాలపరిమితి లెక్క తెలిస్తే సగం సందేహాలు తీరతాయి. రచయిత బతికున్నప్పుడే అచ్చయిన రచనకు ఆయన మరణించిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. పూర్వం ఇది 50 ఏళ్లు. టాగూరు రచనల హక్కు 1991 చివర్లో ముగిసిపోతుందనగా, డిసెంబరు నెలాఖరున ఆర్డినెన్సు తెచ్చి పదేళ్లు పొడిగించారు. ఆ పొడిగింపు శాంతినికేతనంతో ఆగలేదు, రాయచూరు దాకా వచ్చింది. 1920లో ఇక్కడ హమ్‌దర్ద్ పాఠశాల పెట్టిన పండిత తారానాథ్ 1942లో మరణించారు. పాత లెక్కన 1992 చివర్లో స్వేచ్ఛ పొందాల్సిన ఆయన రచనలు 2002 చివరిదాకా హక్కుల్లో ఉండిపోయాయి. ఇప్పుడు ఎవరైనా ఫోటో తీయొచ్చు, అచ్చేయొచ్చు, అమ్ముకోవచ్చు. 1953లో పోయిన సురవరం ప్రతాపరెడ్డి రచనలు 2014 జనవరి 1 నుంచి అలాంటివే. చలం 1979లో పోయారు, ఆయన పుస్తకాలకు 2039 చివరిదాకా హక్కుంది. శ్రీశ్రీకి 2043 చివరిదాకా.

పత్రికల బైండు సంపుటాలు మాత్రం జాగ్రత్తగా చూడాల్సినవి. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో మొదలుపెట్టిన ‘భారతి’ సంపుటం ఒకటి చేతిలో ఉందనుకుందాం. నాగేశ్వరరావు 1938లో పోయారు కదా, అంతా స్వేచ్ఛే అనుకుంటే పొరపాటు. బయటి రచయిత పత్రికకు పంపిన వ్యాసం హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, ఆ రచయితదే. అందులో వేటూరి ప్రభాకరశాస్త్రి (1950) రాసిన పుటలు 2011 నుంచి స్వేచ్ఛ. మల్లంపల్లి సోమశేఖరశర్మ (1963) పుటలు 2024 నుంచి స్వేచ్ఛ. విశ్వనాథ (1976) పుటలకు 2036 చివరిదాకా ఆగాలి. పేరు లేకుండా అచ్చయిన వ్యాసానికి, రచయిత ఎవరో బయటపడకపోతే, అచ్చయిన ఏడాది నుంచి 60 ఏళ్లు. చదువుకోవడానికి సంపుటంలో ఏ వ్యాసాన్నయినా ఫోటో తీసుకోవచ్చు, ఈ తారీఖులన్నీ మళ్లీ అచ్చేసేవాడికి, ఇంటర్నెట్‌లో పెట్టేవాడికి.

కల్లూరు వంటి ఊరికి ఎక్కువగా కావలసినవి ప్రభుత్వ ప్రచురణలు. వాటికి రచయిత ఆయుష్షుతో పని లేదు, అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ‘హైదరాబాదు ఆర్కియలాజికల్ సిరీస్’ మొదటి సంచిక 1915లో మస్కి అశోక శాసనం గురించి హెచ్. కృష్ణశాస్త్రి రాసినది. బీడన్ అనే గనుల ఇంజినీరు కంటపడిన శాసనం అది, ఈ జిల్లాదే. దాని ఫోటో ఫలకాలను ఎలాగైనా వాడుకోవచ్చు. అదే వరుసలో 18వ సంపుటం పి.బి. దేశాయి కూర్చిన హైదరాబాదు రాష్ట్ర కన్నడ జిల్లాల శాసనాలు, 1958లో వచ్చింది. ప్రభుత్వ రచనగా లెక్కిస్తే 2018తో దాని గడువు తీరిపోయింది. రాయచూరు జిల్లా శాసనాల మీద పని చేసేవాళ్లు ఇప్పటికీ దాన్ని దాచిదాచి జెరాక్స్ తీసుకోవడం చూస్తే నవ్వొస్తుంది. 1970లో వచ్చిన జిల్లా గెజిటీర్‌కు మాత్రం ఇంకా హక్కుంది, 2030 చివరిదాకా. శాసనసభ ముందు పెట్టిన కమిటీ నివేదికలకూ, గెజిట్లకూ, కోర్టు తీర్పులకూ చట్టమే విడిగా మినహాయింపు ఇచ్చింది, కోర్టు ప్రత్యేకంగా వద్దంటే తప్ప తీర్పులు ఎవరైనా అచ్చేసుకోవచ్చు.

శాసనం రాతికి కాపీరైటు లేదు. రాయచూరు కోటలో నలభై అడుగులు దాటిన రాతి మీద 1294 నాటి కాకతీయ కాలపు శాసనం ఉంది, గోరె గంగయ రెడ్డి పేరు చెబుతుంది. మీరు వెళ్లి తీసిన ఫోటో మీది. వేరొకరు తీసినది వారిది. మరి పాత పుటను ఉన్నదున్నట్టు స్కాన్ చేసినవాడికి ఆ స్కాన్ మీద కొత్త హక్కు పుడుతుందా? ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఒట్టి శ్రమ చాలదు, కొద్దిపాటి సృజన అయినా ఉండాలంది. ఆ లెక్కన స్వేచ్ఛ పొందిన పుటకు తీసిన స్కాన్ మీద ‘సర్వహక్కులూ మావే’ అన్న ముద్ర నిలబడటం కష్టం. అమెరికాలో 1999 నాటి బ్రిడ్జ్‌మన్ తీర్పు, ఇంగ్లండులో 2023 నాటి అప్పీలు కోర్టు తీర్పు కూడా ఇటువైపే మొగ్గాయి. అయితే రీడింగ్ రూములో ఫారం మీద సంతకం చేసి ‘అనుమతి లేకుండా అచ్చేయను’ అని రాసిచ్చి ఉంటే అది ఒప్పందం. కాపీరైటు తీరిపోయినా ఒప్పందం ఉంటుంది. సంతకం ముందు ఆ ఫారం చదవాలి, మనవాళ్లలో చాలామంది చదవరు.

కొత్త ముద్రణల విషయం కూడా ఇక్కడే. గురజాడ 1915లో పోయారు, పాఠం అందరిదీ. నిరుడు వచ్చిన ముద్రణలో ముందుమాట, పాదసూచికలు, అట్టబొమ్మ వాటివాటి రచయితలవి. ఇంగ్లండులో అచ్చు అమరికకు కూడా 25 ఏళ్ల హక్కుంది, మన చట్టంలో అది లేదు.

అన్నిటికంటే ఎక్కువమంది పొరబడేది అచ్చుకాని కాగితాల దగ్గర. పాతది కాబట్టి స్వేచ్ఛ అనుకుంటారు. చట్టం అలా లేదు. రచయిత బతికుండగా అచ్చుకాని రచనకు 60 ఏళ్లు మొదలయ్యేది అది తొలిసారి అచ్చయిన ఏడాది తర్వాతే. ఎప్పటికీ అచ్చుకాకపోతే గడువు మొదలే కాదు. డైరీలు, ఉత్తరాలు, నోటుపుస్తకాలు, నాటకం రాతప్రతులు అన్నీ ఈ కోవలోవే. దీనికి విరుగుడు 52వ సెక్షన్‌లోనే ఉంది: ప్రజలకు ప్రవేశమున్న గ్రంథాలయంలోనో మ్యూజియంలోనో ఉన్న అచ్చుకాని రచనను పరిశోధన కోసం, సొంత చదువు కోసం, అచ్చేసే ఉద్దేశంతో కూడా నకలు చేసుకోవచ్చు. రచయిత ఎవరో ఆ సంస్థకు తెలిసి ఉంటే మాత్రం ఆయన పోయి 60 ఏళ్లు దాటి ఉండాలి. ఈ వెసులుబాటు ప్రజాసంస్థకే, ఎవరి ఇంటి అటక మీది పెట్టెకో కాదు. ఇంగ్లండులో ఇంతకంటే విచిత్రం: 1989 ఆగస్టుకు ముందు రచయిత పోయి, అప్పటికి అచ్చుకాని రచనకు 2039 చివరిదాకా హక్కు. 1884లో పోయిన బ్రౌన్ చేతిరాత చీటీ ఏదైనా అచ్చుకాకుండా లండన్‌లో ఉంటే అక్కడ దానికీ ఇదే లెక్క. 2014లో మొదటి ప్రపంచయుద్ధపు శతాబ్ది సందర్భంగా అక్కడి కొన్ని మ్యూజియాలు సైనికుల ఉత్తరాలు ఉండాల్సిన చోట ఖాళీ అద్దాల పెట్టెలు పెట్టి నిరసన తెలిపాయి.

గ్రంథాలయాలకు తమవైన అధికారాలు కొన్ని ఉన్నాయి, వాడుకుంటున్నవి తక్కువ. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన వాడకం కోసం మూడు ప్రతుల దాకా తీయించవచ్చు. 2012 నుంచి, తన దగ్గర కాగితపు ప్రతి ఉన్న రచనను భద్రత కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోనూ వచ్చు. వేటపాలెం సారస్వత నికేతనం (1918), హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం (1901) వంటి చోట్ల పాత పత్రికలు పొడి అయిపోకముందే చేయవలసిన పని ఇది. దాచుకోవడానికి చట్టం అడ్డు కాదు, లోకానికంతా తెరిచిపెట్టడం దగ్గరే ఆగుతుంది.

తెరిచిపెట్టినప్పుడు ఏమవుతుందో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చూపించింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ నుంచి ‘పది లక్షల పుస్తకాల’ పథకం తలపెట్టారు. ఇక్కడ బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు చేయివేశాయి. తెలుగు పుస్తకాలు వేలకొద్దీ స్కానయ్యాయి. స్కానింగులో స్వేచ్ఛ పొందినవీ పొందనివీ కలిసిపోయాయి, పుటలు తారుమారయ్యాయి, పుస్తకాల పేర్లు ఇంగ్లీషు లిపిలో గుర్తుపట్టలేనట్టు పడ్డాయి. చివరికి కాపీరైటు అభ్యంతరాల పేరు మీదే ఆ సైటు మూతపడింది. చాలా పుస్తకాలు అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరడం వల్ల మిగిలాయి. ఈనాడు తెలుగు పరిశోధకుడు సగం రోజులు వాటి మీదే గడుపుతున్నాడు, నేనూ అంతే. వడపోత మొదట్లోనే చేసి ఉంటే స్వేచ్ఛ పొందినవైనా నిశ్చింతగా అక్కడే ఉండేవి.

ఇక రాయచూరు తెలుగువాళ్ల సొంత కాగితాలు. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు వచ్చాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి సింధనూరు, మాన్వి వైపు భూములు కొని ‘క్యాంపులు’ కట్టుకున్నారు. ఆ వలస చరిత్ర ఏ ఆర్కైవ్స్‌లోనూ పూర్తిగా లేదు. ఇళ్లలోని ఉత్తరాల్లో, పెళ్లి ఫోటోల్లో, చీటీల పుస్తకాల్లో ఉంది. ఉత్తరం కాగితం అందుకున్నవారిది, అందులోని రాత హక్కు రాసినవారిది, వారి తర్వాత వారసులది. క్యాంపులో పెద్దాయన సంతోషంగా ట్రంకుపెట్టె తెరిచి “తీసుకో బాబూ” అన్నా, తెనాలి నుంచి రాసిన బావమరిది పిల్లల ఊసు ఎత్తక తప్పదు. డబ్బిచ్చి తీయించుకున్న స్టూడియో ఫోటో హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారిదే. ఫోటోగ్రాఫరు కొడుకును వెతుక్కుంటూ పోనక్కర్లేదు. భూమి పహాణీలు, రిజిస్ట్రీ పత్రాలు కాపీరైటు కంటే పరువు, తగాదాల సంగతి. అప్పు ఎవరు ఎగ్గొట్టారో ఉన్న పుటను గోడకెక్కిస్తే కాపీరైటు లాయరు కాదు, వేరే లాయరు వస్తాడు.

తీసే పద్ధతి గురించి నాలుగు మాటలు. మొదటి ఫోటో ఎప్పుడూ కట్ట మీది చీటీకి తీయాలి, దస్త్రం పేరు, నంబరు, సంవత్సరం కనిపించేలా. ఇంటికొచ్చాక రెండొందల ఉర్దూ పుటల్లో ఏది దేనిదో దేవుడికే తెలియాలి లేకపోతే. ఫ్లాష్ ఆపేసి కిటికీ పక్క వెలుగులో, ఫోను పుటకు సమాంతరంగా పట్టుకోవాలి. అంచులు నాలుగూ పడాలి, మార్జినులో రాసిన రెండు ముక్కలే ఒక్కోసారి అసలు సంగతి. బైండు తెరుచుకున్నంతే తెరవాలి. తాళపత్రమైతే రెండు వైపులా, ఆకు సంఖ్య కనిపించేలా తీయాలి. గంటంతో గీసిన గీత మసి పోయి కనిపించకపోతే పక్కనుంచి ఏటవాలుగా వెలుగు పడేలా చూడాలి, సొంతంగా నూనె రాయడానికి పూనుకోకూడదు, అది గ్రంథాలయం వాళ్ల పని. ఎక్కడిది, ఎవరి అనుమతితో, ఏ తేదీన తీశారో అదే రోజు రాత్రి రాసిపెట్టుకోవాలి. పుస్తకం అచ్చేసే రోజున పబ్లిషరు అడిగేది అదే.

ఒకవేళ హక్కుదారు దొరకకపోతే? ‘గోలకొండ కవుల సంచిక’ తీసుకోండి. 1934లో ప్రతాపరెడ్డి 354 మంది నిజాం రాష్ట్ర తెలుగు కవులను ఒకచోట చేర్చారు. 1964 లోపు పోయినవారి పద్యాలు 2025 జనవరి 1 నాటికి స్వేచ్ఛ పొందాయి. ఎవరు ఎప్పుడు పోయారో అందరి విషయంలో చెప్పగలవారు ఎవరు? ఇలాంటి రచనల కోసం చట్టంలో 31ఎ సెక్షను ఉంది: రచయిత పోయి, లేదా ఆచూకీ దొరక్క, హక్కుదారు కనిపించకపోతే లైసెన్సుకు దరఖాస్తు పెట్టొచ్చు. ముందు దేశంలో ఎక్కువ భాగం చెల్లే ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వేయాలి. దరఖాస్తు వినే అప్పీలేట్ బోర్డు 2021లో రద్దయింది, ఆ అధికారం కోర్టులకు వెళ్లింది. మూడొందల ప్రతులు వేసుకునే ఊరి చరిత్ర రచయిత ఢిల్లీ పేపర్లో ప్రకటన వేసి, లాయరును పెట్టుకుని, ఒక్కో పద్యానికి లైసెన్సు తెచ్చుకోడు. పద్యం వదిలేస్తాడు, లేదా పూర్తిగా ఎత్తి రాయకుండా విమర్శకు కావలసిన రెండు మూడు పాదాలే ఉదాహరిస్తాడు. ఆ ఉదాహరణకు మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.